ఘోరం అన్న మాట వదిలేస్తే రెన్వార్ మిగలడు

సినిమా చివరికొచ్చింది. పెద్ద బంగళా బయట చలిరాత్రి, చెట్ల చీకట్లో ఇద్దరు మగవాళ్ళు. ఒకడు షూమాకర్, ఆ ఎస్టేటు అడవికి కాపలాదారు. రెండోవాడు మార్సో, అదే అడవిలో కుందేళ్ళకి ఉచ్చులు పెట్టే దొంగ, ఈమధ్యే బంగళాలో పనికి కుదిరాడు. కాసేపటి క్రితమే షూమాకర్ తుపాకీ పట్టుకుని మార్సోని బంగళా అంతా తరిమాడు, తన పెళ్ళాం వెంట పడుతున్నాడని. ఆ రభస చూసి యజమాని ఇద్దర్నీ పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు షూమాకర్ చెట్టుకి ఆనుకుని ఏడుస్తున్నాడు. మార్సో కళ్ళు తుడుచుకుంటూ పక్కన చేరి అతన్ని పలకరిస్తున్నాడు. చంపుతానన్నవాడూ, చావు తప్పించుకున్నవాడూ ఒక చోట కూర్చుని ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటున్నారు.

నవ్వాలా, జాలిపడాలా? ఎవరి పక్షాన ఉండాలి? 1939లో పారిస్‌లో ఈ 'రూల్స్ ఆఫ్ ద గేమ్' విడుదలైనప్పుడు జనానికి ఏమీ పాలుపోలేదు. ఈలలు వేశారు, గోల చేశారు. ఫ్రెంచ్ డైరెక్టర్ జాఁ రెన్వార్ బెంబేలెత్తి, ఎక్కడెక్కడ గోల చేస్తున్నారో చూసి అక్కడల్లా కత్తెర వేశాడు. అయినా ఆడలేదు. అదే ఏడాది యుద్ధం మొదలయ్యాక, దేశప్రజల నైతిక స్థైర్యాన్ని దెబ్బ తీస్తోందని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత బాంబుదాడిలో అసలు నెగటివ్ కూడా పోయింది. దొరికిన ముక్కలన్నీ పోగేసి ఇద్దరు సినిమా పిచ్చోళ్ళు దాన్ని మళ్ళీ కూర్చాక, 1959లో వెనిస్‌లో చూపించారు. బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' పదేళ్ళకోసారి ప్రపంచ విమర్శకుల చేత వేయించే ఓట్లలో 1952 నుంచి 2012 దాకా ప్రతిసారీ మొదటి పదిలో నిలిచిన సినిమా ఇదొక్కటే. 2022లో పదమూడో స్థానానికి జారింది.

ర్యాంకుల సంగతి అలా ఉంచితే, రెన్వార్ తర్వాతి తరాలకి ఇచ్చిందేమిటో చెప్పడం అంత తేలిక కాదు. హిచ్‌కాక్ దగ్గర సస్పెన్స్ ఉంది. ఫ్రెంచ్ డైరెక్టర్ గొదార్ దగ్గర, షాటు మధ్యలో ముక్క కోసేసి బొమ్మని గెంతించే జంప్‌కట్ ఉంది. ఎవరైనా ఎత్తుకెళ్ళి తమ సినిమాలో పెట్టుకోవచ్చు, చూసినవాళ్ళు ఫలానావాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందని గుర్తు పట్టొచ్చు కూడా. రెన్వార్ దగ్గర అలా జేబులో వేసుకుపోదగ్గ వస్తువు లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక చూపు.

ఆ చూపుని ఒక్క డైలాగులో చెప్పే అలవాటు సినిమా విమర్శకులకి ఉంది. 'రూల్స్ ఆఫ్ ద గేమ్'లో ఆక్టేవ్ అనే పాత్ర వేసింది రెన్వారే. లావుపాటి మనిషి, అందరికీ కావలసినవాడు, దేనికీ పనికిరానివాడు. ఆ ఆక్టేవ్ ఒకచోట అంటాడు: ఈ లోకంలో ఘోరమైన సంగతి ఏమిటంటే, ప్రతివాడికీ తన కారణాలు తనకుంటాయి. ఈ మాటని ఎత్తిచూపేవాళ్ళలో చాలామంది మొదటి సగం మింగేస్తారు. 'ప్రతివాడికీ తన కారణాలుంటాయి' అని వదిలేస్తే అది పెద్దమనిషి తీర్పులా, అందర్నీ క్షమించేసే మెత్తటి మాటలా వినిపిస్తుంది. రెన్వార్ దాన్ని ఘోరం అన్నాడు. అందరివీ న్యాయమైన కారణాలే అయితే తప్పు ఎవరి మీద వేయాలి? ఎవరి మీదా వేయలేకపోయినా చివర్లో శవం మాత్రం లేస్తుంది. పైన చెప్పిన ఆ ఇద్దరూ ఓదార్చుకున్న కాసేపటికే షూమాకర్ ఎవరినో చూసి ఇంకెవరో అనుకుని కాల్చేస్తాడు, ఏ పాపమూ ఎరగని విమానచోదకుడు చచ్చిపోతాడు. యజమాని మెట్ల మీద నిలబడి, ఇది దురదృష్టకరమైన యాక్సిడెంట్ అని అతిథులకి మర్యాదగా చెప్పి లోపలికి పిలుస్తాడు. ఆట నియమాలు అంటే అవీ.

విలన్ లేకుండా సినిమా తీయడం కష్టం. హీరో ఎంత గొప్పవాడో చెప్పాలంటే ఎదర ఒక దుర్మార్గుడు ఉండాలని మన ప్రేక్షకులకీ అలవాటే. రెన్వార్ ఆ సౌకర్యం వదులుకున్నాడు. దానికి తగ్గట్టు కెమెరానీ మార్చుకోవాల్సి వచ్చింది. ఎవరో ఒకరి ముఖం క్లోజప్‌లో పెడితే ప్రేక్షకుడు వాళ్ళ పక్షాన చేరిపోతాడు కాబట్టి, ఆయన వీలైనంత వరకు అందర్నీ ఒకే ఫ్రేములో ఉంచాడు. ముందు ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనక తలుపులోంచి ఇంకొకరు వస్తుంటారు, ఇంకా వెనక గదిలో పనివాళ్ళు తమ గొడవలో తాముంటారు. దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా కనబడేలా లెన్స్ పెట్టడాన్ని డీప్ ఫోకస్ అంటారు. 1941లో 'సిటిజన్ కేన్' దాన్ని ప్రపంచానికి పరిచయం చేసిందని చాలామంది చెబుతారు గానీ, రెన్వార్ అప్పటికి పదేళ్ళుగా ఆ దారినే నడుస్తున్నాడు.

ఆ సినిమాలోనే రాత్రి నిద్రకి వెళ్ళబోయే ముందు అతిథులందరూ పొడవాటి వసారాలో గుడ్‌నైట్‌లు చెప్పుకునే సీను ఉంది. వరసగా తలుపులు. ఒకరు లోపలికి పోతుంటే ఇంకొకరు బయటికొస్తారు. ఒకాయన చెవుల్లో పడేలా బాకా ఊదుతాడు, ఎవరో దిండు విసురుతారు. ఎవరిని చూడాలో కెమెరా చెప్పదు. పెళ్ళివారింట్లో నడవలో నిలబడితే మనకి ఎలా ఉంటుందో అలా ఉంటుంది: అందరూ కనిపిస్తారు, ఎవరూ పూర్తిగా దొరకరు. కెమెరా ఓపిగ్గా నిలబడటమే రెన్వార్ శైలి అనుకుంటే మాత్రం పొరపాటు. పగలు వేట సీను దగ్గరికొచ్చేసరికి అదే మనిషి నాలుగు నిమిషాల లోపే ఏభై దాకా షాట్లు టకటకా నరికి పేర్చాడు. కుందేళ్ళు, నెమలి జాతి పక్షులు నిజంగానే తుపాకీ దెబ్బ తిని పడుతుంటాయి. చివర్లో ఒక కుందేలు కాళ్ళు ముడుచుకుంటూ బిగుసుకుపోవడాన్ని కెమెరా చూస్తూ ఉంటుంది. ఆ మర్యాదస్తుల మర్యాద ఎంతటిదో అక్కడ తెలుస్తుంది. విమానచోదకుడు పడిపోయేటప్పుడు ఆ కుందేలే గుర్తొస్తుంది.

ఇంకో చిన్న సంగతి. వంటింట్లో పనివాళ్ళు భోంచేస్తూ యజమాని తాతల్లో యూదులున్నారని ఎకసెక్కాలాడుతుంటారు. యూరప్‌లో హిట్లర్ గాలి వీస్తున్న రోజులవి, యజమాని పాత్ర వేసిన మార్సెల్ దాలియో నిజంగానే యూదుడు. అప్పుడు పెద్ద వంటవాడు కల్పించుకుని అంటాడు: మొన్న బంగాళాదుంపల సలాడ్ విషయంలో దొరగారు నన్ను పిలిచి చివాట్లు పెట్టారు. దుంపలు పొగలు కక్కుతుండగానే వైన్ పోయాలి, చెయ్యి కాలుతుందని నా కిందివాడు అలా చేయలేదు, ఆయన తిని ఇట్టే కనిపెట్టేశారు. పరాయివాడైతేనేం, ఆయన సిసలైన పెద్దమనిషి. అదీ వంటవాడి తర్కం. జాతివివక్ష మీద ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. కుళ్ళు ఎంతలా ఇంకిపోయిందో, దాన్ని పక్కన పెట్టించే కారణం ఎంత చిన్నదో రెండూ ఒక దుంపల కూరలోనే చూపించేశాడు. తర్వాతివాళ్ళు రెన్వార్ దగ్గర నేర్చుకోవలసిన పనితనం అంటే ఇది. నేర్చుకున్నవాళ్ళు తక్కువ.

కథని తీసుకుని చూపుని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి మంచి ఉదాహరణే ఉంది. 1931లో రెన్వార్ 'లా షియెన్' తీశాడు. గుమాస్తాగిరీ చేస్తూ సెలవురోజుల్లో బొమ్మలేసుకునే ఒక నెమ్మదస్తుడు ఒక వేశ్య మోజులో పడి, మోసపోయి, చివరికి ఆమెని చంపేస్తాడు. మరణశిక్ష ఇంకొకడికి పడుతుంది. 1945లో ఫ్రిట్జ్ లాంగ్ హాలీవుడ్‌లో అదే కథని 'స్కార్లెట్ స్ట్రీట్'గా తీశాడు. లాంగ్ సినిమాలో హంతకుడికి చచ్చిన మనుషుల గొంతులు చెవుల్లో మోగుతుంటాయి. ఉరేసుకోబోతాడు, అదీ కుదరదు. పాపం వెంటాడుతుంది. రెన్వార్ సినిమాలో హంతకుడు ముసలి బిచ్చగాడై, భార్య పాత మొగుడితో కలిసి వీధుల్లో హాయిగా తిరుగుతుంటాడు. ఒక దుకాణం ముందు కారులోకి ఒక బొమ్మ ఎక్కిస్తుంటారు. అది అతను గీసుకున్న తన బొమ్మే. అతను అటు చూడడు. చేతిలో పడ్డ టిప్పు చూసుకుని ఇద్దరూ సంబరపడిపోతారు. లాంగ్‌ది గొప్ప సినిమాయే, అందులో సందేహం లేదు. కానీ అక్కడ తప్పుకి శిక్ష ఉంది కాబట్టి ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికెళ్తాడు. రెన్వార్ ఆ నిశ్చింత ఇవ్వడు.

'లా షియెన్' శబ్దం విషయంలోనూ చెప్పుకోదగ్గది. టాకీలు వచ్చిన కొత్త, అందరూ స్టూడియోలో తలుపులు మూసుకుని రికార్డు చేస్తుంటే ఈయన మైకులు పారిస్ వీధుల్లోకి పట్టుకెళ్ళాడు. అంతకు ముందు తీసిన ఒక చిన్న కామెడీలో టాయిలెట్ ఫ్లష్ చప్పుడు కావలసి వస్తే, నిజం టాయిలెట్ దగ్గరే రికార్డు చేయించాడు. నటుల చేత మొదట ఏ భావమూ లేకుండా, టెలిఫోన్ డైరెక్టరీ చదివినట్టు డైలాగులు చదివించేవాడు. ముందే తెచ్చిపెట్టుకున్న ఏడుపూ నవ్వూ రాలిపోయాక, మాటలోంచి పాత్ర దానంతటదే బయటికొస్తుందని ఆయన నమ్మకం.

ఇలాంటి పనితనం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది. పాతకాలపు పనివాళ్ళ ఇళ్ళలో కొడుకులూ మేనల్లుళ్ళూ నేర్చుకున్నట్టు. రెన్వార్ సెట్ల మీద అసిస్టెంట్ల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫొటోగ్రాఫర్ ఆఁరి కార్తియే బ్రెస్సాఁ ఆయన దగ్గర పనిచేశాడు. 1936లో 'ఎ డే ఇన్ ద కంట్రీ' తీసేటప్పుడు ఇటలీ నుంచి లుచినో విస్కోంతి అనే జమీందారీ కుర్రాడు వచ్చి చేరాడు. అతనికి రెన్వార్ ఒక అమెరికన్ క్రైమ్ నవల ఇచ్చి చదవమన్నాడు. దాన్ని విస్కోంతి 1943లో 'ఒసెస్సియోనే'గా తీశాడు. మామూలు మనుషుల బతుకుల్ని వాళ్ళుండే చోటే తీసే ఇటాలియన్ నియోరియలిజం అక్కడే మొదలైందని చాలామంది చరిత్రకారులు రాస్తారు. దానికన్నా ముందే, 1935లో, రెన్వార్ దక్షిణ ఫ్రాన్స్‌లో వలస కూలీల మీద, వాళ్ళుండే ఊళ్ళలోనే, కొత్త ముఖాలతో 'టోనీ' తీసి ఉన్నాడు.

పారిస్ కుర్రాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చాలు. యాభైల్లో 'కాయే ద్యు సినెమా' పత్రిక చుట్టూ చేరిన విమర్శకులు ఫ్రెంచి పెద్ద డైరెక్టర్లలో చాలామందిని చీల్చి చెండాడి, రెన్వార్‌ని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడైన ట్రుఫో తర్వాత డైరెక్టరై, తన నిర్మాణ సంస్థకి రెన్వార్ సినిమా 'ద గోల్డెన్ కోచ్' పేరు మీదుగానే పేరు పెట్టుకున్నాడు. వాళ్ళ గురువు ఆంద్రే బాజాఁ 1958లో చనిపోతూ రెన్వార్ మీద పుస్తకం సగంలో వదిలేస్తే, ట్రుఫో దాన్ని పూర్తి చేసి అచ్చు వేయించాడు. అమెరికన్ డైరెక్టర్ రాబర్ట్ ఆల్ట్‌మన్ 2001లో 'గోస్‌ఫర్డ్ పార్క్' తీస్తే అందులో బంగళా, వేట, మేడ మీద దొరలు, కింద నౌకర్లు, అన్నీ 'రూల్స్ ఆఫ్ ద గేమ్' నుంచి నడిచొచ్చినట్టే ఉంటాయి.

ఇక కలకత్తా. యుద్ధకాలమంతా హాలీవుడ్‌లో ఇమడలేక ఇమడలేక గడిపిన రెన్వార్, రూమర్ గాడెన్ నవల 'ది రివర్' చదివి దాన్ని బెంగాల్లోనే తీయాలని పట్టుబట్టాడు. పెద్ద స్టూడియోలు పెదవి విరిచాయి. డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది లాస్ ఏంజెలెస్‌లో పూలకొట్లు నడిపే కెనెత్ మకెల్డౌనీ. సినిమాల్లో ఆయనకి అదే మొదలు, అదే ఆఖరు. 1949లో లొకేషన్లు వెతకడానికి రెన్వార్ కలకత్తాలో దిగాడని తెలిసి, ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఇరవై ఏడెనిమిదేళ్ళ కుర్రాడు హోటల్‌కి వెళ్ళి కలిశాడు. ఆ కుర్రాడు సత్యజిత్ రాయ్. రెండేళ్ళ ముందే స్నేహితులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టాడు, కానీ ఒక్క అడుగు ఫిల్మ్ కూడా తీయలేదు.

సెలవురోజుల్లో ఇద్దరూ కారులో పల్లెలకి వెళ్ళేవారు. రాయ్ తర్వాత రాసినదాన్ని బట్టి చూస్తే, ఆ తిరుగుడులో అతన్ని పట్టి కుదిపింది సినిమా సిద్ధాంతాలు కావు. తను పుట్టి పెరిగిన నేల మీద చూసీ చూడనట్టు వదిలేసిన అరటి గుబురు దగ్గరా, చెరువుగట్టు దగ్గరా ఈ యాభై దాటిన ఫ్రెంచాయన బండి ఆపించి నోరు తెరుచుకుని చూసేవాడు. సినిమాలో చాలా చూపించక్కర్లేదు, చూపించే కాసిని సరైనవి అయ్యేలా జాగ్రత్తపడితే చాలని రాయ్‌కి చెప్పాడు. హాలీవుడ్‌ని వదిలించుకుని మీ సొంత పద్ధతి వెతుక్కోండని కూడా అన్నాడు. రాయ్ తన మనసులో ఉన్న 'పథేర్ పాంచాలి' గురించి చెబితే, తీయమని ప్రోత్సహించాడు.

షూటింగ్ బారక్‌పూర్ దగ్గర హుగ్లీ ఒడ్డున మొదలైంది. టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో మన దేశంలో తీసిన మొదటి సినిమా అది. తీసిన రీళ్ళు కడగడానికి లండన్ పంపాలి, ఏం పడిందో తెలియాలంటే వారాల తరబడి ఎదురుచూడాలి. ఆ టెన్షన్ మధ్య సెట్ మీద ఒక మూల కాలేజీ కుర్రాడొకడు రోజూ కూర్చునేవాడు. పేరు సుబ్రత మిత్ర. కెమెరా బృందంలో చోటు అడిగితే దొరకలేదు, చూసుకోవడానికి మాత్రం అనుమతి దొరికింది. ఏ లైటు ఎక్కడ పెట్టారో, నటులు ఎక్కడ నిలబడ్డారో బొమ్మలు గీసి మరీ నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఒకసారి రీటేక్ తీయబోయే ముందు, కెమెరామన్ క్లోద్ రెన్వార్ (డైరెక్టర్‌గారి అన్న కొడుకు) లైటింగ్ కలుస్తుందో లేదో చూసుకోవడానికి ఆ కుర్రాడి పుస్తకమే అడిగి తీసుకున్నాడు. మూడేళ్ళు తిరక్కుండా అదే కుర్రాడు 'పథేర్ పాంచాలి'కి కెమెరామన్ అయ్యాడు, అంతకు ముందు సినిమా కెమెరా పట్టుకున్న అనుభవం లేకుండానే. 'ది రివర్'కి కళా విభాగంలో పనిచేసిన బన్సీ చంద్రగుప్త రాయ్‌కి కళాదర్శకుడయ్యాడు. 1956లో 'అపరాజితో' కోసం కాశీ ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేస్తే, సుబ్రత మిత్ర పైన తెల్లటి గుడ్డ పరిచి, లైట్లు దాని మీద పడేలా కొట్టి, ఆకాశం నుంచి దిగినట్టు నీడ లేని వెలుతురు తెప్పించాడు. ఆ ఇల్లు నిజంగా కాశీలోదేనని చాలామంది అనుకున్నారు. ఈ కిటుకు రెన్వార్‌ది కాదు. మిత్ర సొంతం.

'ది రివర్' మీద ఒక ఫిర్యాదు ఉంది, న్యాయమైనదే. రెన్వార్ చూసిన బెంగాల్ ఒక జనపనార మిల్లు మేనేజరు బంగళా వరండాలోంచి కనబడేది. మనుషులు కరువుతో లక్షల్లో చచ్చిపోయి ఆరేడేళ్ళే అయింది, దేశం చీలి రెండేళ్ళే అయింది. వాటి జాడ సినిమాలో లేదు. రంగులు అద్భుతంగా ఉంటాయి. రంగుల సినిమాల్లో ఇంత అందమైనవి అరుదని అమెరికన్ డైరెక్టర్ మార్టిన్ స్కోర్సీసీ ఊరికే అనలేదు. ఆయన చూపించగా చూసిన వెస్ ఆండర్సన్ ఆ ప్రేరణతోనే మన దేశం వచ్చి 2007లో 'ద డార్జిలింగ్ లిమిటెడ్' తీశాడు. కానీ నది అన్నిటినీ మోసుకుపోతుంది, పుట్టుకా చావూ సహజం అన్న ఓదార్పులో పడి, తన డైలాగులోని మొదటి సగాన్ని ఈసారి రెన్వారే మింగేశాడు అనిపిస్తుంది. ఇంగ్లీషు పిల్లల కథ ఎంచుకున్నందుకు రాయ్‌కీ కొంత నిరుత్సాహం కలిగింది.

ఆ మింగేసిన సగాన్ని తిరిగి పెట్టింది రాయ్. అందుకు రెన్వార్ ఒక్కడే కారణం అనడం అన్యాయం. 'పథేర్ పాంచాలి'కి మూలమైన విభూతిభూషణ్ నవల ఉంది, లండన్‌లో చూసిన ఇటాలియన్ సినిమా 'బైసికిల్ థీవ్స్' ఉంది. అయినా 1955 నాటి 'పథేర్ పాంచాలి'లో ఇందిర్ ముసలమ్మ సీన్లు చూస్తుంటే షూమాకర్, మార్సో గుర్తు రాక మానరు. సర్వజయకి ఇద్దరు పిల్లలు, ఇంట్లో గింజ లేదు, మొగుడు ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఆడబిడ్డ వరసయ్యే ఈ ముసలిది వంటింట్లోంచి చిల్లర సరుకులు ఎత్తుకెళ్తుంది, పక్కతోటలో పళ్ళు దొంగిలించే సర్వజయ కూతుర్ని వెనకేసుకొస్తుంది. పొమ్మంటుంది సర్వజయ. పోతుంది, మళ్ళీ వస్తుంది. ఆఖరిసారి వచ్చినప్పుడు ఒంట్లో సత్తువ లేదు. కాసిని మంచినీళ్ళు అడుగుతుంది. నువ్వే ముంచుకో అంటుంది సర్వజయ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. ముసలమ్మ లేచి, ముంచుకుని తాగి, మిగిలిన నీళ్ళు అక్కడున్న చిన్న మొక్క మీద చల్లుతుంది. బోసినోటితో ఒకసారి నవ్వి చిన్నగా బయటికి నడుస్తుంది. కెమెరా సర్వజయ ముఖం చూపిస్తుంది. ఆమె తలెత్తదు. వెదురు పొదల దగ్గర పిల్లలు తాకేసరికి ముసలమ్మ పక్కకి ఒరిగిపోతుంది, చేతి చెంబు దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడుతుంది.